ఒకే ఓటర్ల జాబితా కోసం కుర్చీ వదులుకున్న విష్ణుదేవ్

సంపాదకులకు,

అయ్యా,

విదేశాల్లో భారత సంతతి వారెవరైనా మంత్రిగానో, పార్లమెంటు సభ్యులుగానో ఎన్నికైన మర్నాడు మన పత్రికలన్నీ మొదటి పేజీలో వారి ఫొటో వేసి, వారి తాతల ఊరేది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పండగలు చేసుకుంటారా లేదా అన్న వివరాలు ముచ్చటగా రాస్తున్నాయి. మీ పత్రికలోనూ అలాంటి కథనాలు చాలా వచ్చాయి. వాటిని శ్రద్ధగా చదివి సంతోషించిన పాఠకుల్లో నేనూ ఒకణ్ణి. అయితే ఆ కథనాలు పదవి దగ్గర మొదలై పదవి దగ్గరే ఆగిపోతున్నాయన్నది నా బాధ. ఆ స్థానం దక్కించుకున్నాక వారు దానితో ఏం చేశారు, ఎవరి తరఫున మాట్లాడారు, ఏది కోల్పోవడానికి సిద్ధపడ్డారు అన్న ప్రశ్నలు అందులో కనిపించవు. ఆ ప్రశ్నలు అడిగితేనే విలువ తెలిసే ఒక మనిషిని మీ పాఠకులకు పరిచయం చేయాలని ఈ లేఖ రాస్తున్నాను. ఆయన పేరు పండిట్ విష్ణుదేవ్. ఫిజీ దీవుల్లో బ్రిటిష్ వలస ప్రభుత్వం నడిపిన శాసన మండలికి భారతీయులు తొలిసారి ఓటు వేసి ఎన్నుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

ముప్పయ్యేళ్ళకు పైగా హైదరాబాదులో చరిత్ర పాఠాలు చెప్పిన నాకు ఆయన పేరు పుస్తకంలో కనిపించలేదు, ఒక పెద్దావిడ నోట వినిపించింది. కొన్నేళ్ళ కిందట చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో నేను కూర్చుని ఉండగా ఫిజీ నుంచి వచ్చిన వృద్ధ దంపతులు తమ తాత ఊరి ఆచూకీ వెతుక్కుంటూ అక్కడికి వచ్చారు. వారి చేతిలో మద్రాసు రేవులో ఇచ్చిన వలస పాసు జిరాక్సు కాపీ ఉంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చ దాకా అన్నీ అందులో రాసి ఉన్నాయి. కానీ ఊరి పేరును ఆనాటి గుమాస్తా చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాసేయడం వల్ల అది విశాఖపట్నం జిల్లాలో ఏ ఊరో మేమెంత తలలు బద్దలు కొట్టుకున్నా తేలలేదు. ఆవిడ మాట్లాడింది ఫిజీ హిందీ. తెలుగు మాటలు అవ్వ, తాత, బువ్వ లాంటివి కొన్ని మాత్రమే మిగిలాయి. మాటల మధ్యలో ఆవిడ, తమ నాన్న విష్ణుదేవ్ పేరెత్తితే చాలు కుర్చీలోంచి లేచి నిలబడేవారని చెప్పి, "మీ పుస్తకాల్లో ఆయన గురించి ఉంటుంది కదా?" అని నన్ను అడిగారు. ఉంటుందని చెప్పలేకపోయాను. ఆ తరువాతే చదవడం మొదలుపెట్టాను.

విష్ణుదేవ్ ఎక్కడి నుంచి వచ్చారో తెలియాలంటే ముందు గిర్మిట్ అంటే ఏమిటో తెలియాలి. కూలీలు వేలిముద్ర వేసిన అగ్రిమెంటు అన్న మాటే వాళ్ళ నోట గిర్మిట్ అయింది. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి తొలి కూలీలను ఫిజీకి చేర్చింది. 1916లో చివరి ఓడ వెళ్ళే నాటికి 60 వేలకు పైబడిన మనుషులు ఆ దీవులకు తరలిపోయారు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా కూడా కూలీలను పంపడంతో, మొత్తం మీద సుమారు నాలుగో వంతు మంది తెలుగు, తమిళ, మలయాళ ప్రాంతాల వారయ్యారు. అయిదేళ్ళ ఒప్పందం, మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు, అదీ ఆ రోజుకు కొలిచి ఇచ్చిన చెరకు పని మొత్తం పూర్తి చేస్తేనే. నూరుగురు మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళను పంపితే చాలునన్న నిబంధన కింద, లైన్లు అని పిలిచే ఇరుకు గదుల వరసల్లో ఆ బతుకులు ఎలా నలిగాయో ఊహించడం కష్టం కాదు. ఆ రోజులను వాళ్ళు నరకం అనే పిలిచారు. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. ఒప్పందం పోయింది గానీ హక్కులు రాలేదు. విష్ణుదేవ్ కథ అక్కడి నుంచే నడుస్తుంది.

అప్పటి ఫిజీ శాసన మండలిలో 1904 నుంచి తెల్లవాళ్ళకు ఎన్నికల ద్వారా ఆరు స్థానాలుండేవి. ఆదివాసీ ఫిజియన్ల తరఫున ప్రభుత్వం నామినేట్ చేసిన పెద్దలు కూర్చునేవారు. భారతీయులకు ఏమీ లేదు. 1916లో ప్రభుత్వం భారతీయుల తరఫున ఒకరిని నామినేట్ చేయడానికి ఒప్పుకుంది. గాంధీజీ ప్రోత్సాహంతో మారిషస్ వెళ్ళి, అక్కడి కూలీల కేసులు వాదించి, ఆ తరువాత ఫిజీ చేరిన న్యాయవాది మణిలాల్ డాక్టర్ ఆ స్థానంలో ఉండాలని జనం కోరుకున్నారు. ప్రభుత్వం మాత్రం, ఆయన బరోడా సంస్థానంలో పుట్టారు కనుక బ్రిటిష్ ప్రజ కారని చెప్పి, బద్రీ మహారాజ్ అనే రైతును ఎంచుకుంది. ప్రభుత్వం నచ్చి తెచ్చుకున్న ఆ బద్రీ మహారాజే 1923లో భారతీయుల మీద తలపన్ను వేయడాన్ని వ్యతిరేకిస్తూ రాజీనామా చేశారు. నామినేట్ అయినవాడు కూడా అంత పని చేశాడంటే ఆ మండలిలో గాలి ఎలా ఉండేదో మనం గ్రహించవచ్చు.

విష్ణుదేవ్ 1900 జులై 17న ఫిజీలోని నవువాలో పుట్టారు. గాంధీజీ మాట మీదనో, బారిస్టరు చదువు పూర్తి చేసుకునో ఇండియా నుంచి వచ్చి నాయకులైనవారు ఆ తరంలో కొందరున్నారు. ఈయన వారిలా బయటి నుంచి వచ్చిన మనిషి కారు. ఆ మట్టిలోనే పుట్టి పెరిగి, ఆర్యసమాజంలో పనిచేస్తూ, ఫిజీ సమాచార్ అనే హిందీ పత్రికకు సంపాదకులై, ఆ దీవుల్లో పుట్టిన భారతీయుల్లోంచి ఎదిగిన తొలి పెద్ద నాయకుడాయన. 1929 మేలో, తొలి ఓడ వచ్చి యాభై ఏళ్ళయిన సందర్భంగా కొందరు ఉత్సవం జరుపుదామంటే, ఆయనా ఆయన మిత్రులూ ఆ రోజును సంతాప దినంగా పాటించారు. తమ తల్లిదండ్రులను కూలీలుగా తెచ్చిన ఓడకు స్వర్ణోత్సవం చేయడం వారికి మనసొప్పలేదు. ఈ ఒక్క సంగతి చదివినప్పుడు నాకు కలిగిన గౌరవం మాటల్లో చెప్పడం కష్టం.

అదే సంవత్సరం భారతీయులకు మూడు స్థానాలు ఇచ్చి, వాటికి భారతీయులే ఓటు వేసే ఏర్పాటు చేశారు. ఆస్తి, ఆదాయం, చదువు వంటి షరతులు పెట్టడంతో చెరకు తోటల్లో పనిచేసే వారిలో అత్యధికులకు ఓటు దక్కలేదు, ఆడవాళ్ళకు అసలే లేదు. విష్ణుదేవ్, పరమానంద్ సింగ్, జేమ్స్ రామచందర్ రావు ఎన్నికయ్యారు. ఆ ముగ్గురూ సభలోకి వెళ్ళి పలకరింపులతో, ప్రమాణాలతో, చిన్న చిన్న పనులు చేయించుకోవడంతో మూడేళ్ళు గడిపి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. సభలో అడుగుపెట్టిన కొద్ది వారాలకే, 1929 నవంబరులో, విష్ణుదేవ్ ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. జాతిని బట్టి వేర్వేరు ఓటర్ల జాబితాలు తీసేసి, బ్రిటిష్ ప్రజలందరికీ ఒకే ఉమ్మడి జాబితా ఉండాలన్నది దాని సారాంశం. అధికారులు, తెల్ల సభ్యులు, నామినేటెడ్ ఫిజియన్ సభ్యులు ఒక పక్క, ఈ ముగ్గురు ఒక పక్క. తీర్మానం ఓడిపోయింది. ముగ్గురూ రాజీనామా చేసి బయటికి వచ్చేశారు.

యాభై ఏళ్ళు ఎదురుచూస్తే వచ్చిన మూడు కుర్చీలను కొన్ని వారాల్లో ఎందుకు వదులుకున్నారన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. లెక్కలు చూస్తే జవాబు దొరుకుతుంది. 1921 జనాభా లెక్కల్లో ఫిజీలో భారతీయులు 60,634 మంది, యూరోపియన్లు 3,878 మంది. నాలుగు వేలకు లోపున్న వారికి ఆరు స్థానాలు, అరవై వేలకు మించిన వారికి మూడు. ఆ మూడూ ఇచ్చిన తీరు కూడా, మీరు వేరు, మీ ఓటు వేరు, మీ మాట మీ గోడల మధ్యనే ఉండాలి అని చెప్పినట్టుంది. ఇంకో సంగతి ఉంది. కూలీలను పంపే ఒప్పందాల గురించి 1875లో ఇండియా వ్యవహారాల మంత్రి లార్డ్ సాలిస్‌బరీ రాసిన లేఖలో, గడువు ముగిసి ఆ దేశాల్లో స్థిరపడే భారతీయులు అక్కడి ఇతర ప్రజలకు ఏ విధంగానూ తీసిపోని హక్కులు గల స్వతంత్రులుగా ఉండాలన్న భావం స్పష్టంగా ఉంది. విష్ణుదేవ్ తరం ఆ లేఖను తమ హక్కు పత్రంగా భావించింది. మూడు సీట్లు తీసుకుని కూర్చుంటే ఆ పత్రాన్ని తామే చింపుకున్నట్టవుతుందని వారు అనుకున్నారు. స్థానాల సంఖ్య పెంచమని అడగడం వారికి తేలిక, గెలిచే అవకాశమూ కొంత ఉండేదేమో. వారు పడ్డ పట్టు మాత్రం సమానత్వం మీద.

హైదరాబాదీయులుగా మనం ఈ ఘట్టాన్ని మన అనుభవంతో కలిపి చదవవచ్చు. ఆ తరువాతి దశాబ్దంలో ఇక్కడ నిజాం రాజ్యంలో బాధ్యతాయుత ప్రభుత్వం కోసం ఆందోళన సాగుతుండగా, అరవముదు అయ్యంగార్ కమిటీ వేసి, 1939లో ప్రకటించిన సంస్కరణల్లో వృత్తుల వారీ ప్రాతినిధ్యం, హిందూ ముస్లింలకు సరిసమాన స్థానాలు అంటూ ఒక అమరిక చూపించారు. ప్రజలను ప్రజలుగా లెక్కించడానికి మాత్రం ఒప్పుకోలేదు. 1938, 39లలో ఇక్కడ ఆర్యసమాజం చేసిన సత్యాగ్రహాన్ని సుల్తాన్ బజార్ ప్రాంతపు పాత కుటుంబాల్లో ఇప్పటికీ తలచుకుంటారు. అదే ఆర్యసమాజపు మనిషి వేల మైళ్ళ అవతల అదే రకపు అమరికతో పోరాడుతున్నాడన్న సంగతి మనకు తెలియకపోవడం పెద్ద లోటు. వయోజన ఓటుతో శాసన సభను ఎన్నుకునే అవకాశం హైదరాబాదు ప్రజలకు 1952లో గాని రాలేదు. ఆ ఓటు ఒకే జాబితాలో వచ్చింది కనుకనే దాని విలువ మనకు పెద్దగా తట్టదు.

రాజీనామాతో కథ ముగిసి ఉంటే విష్ణుదేవ్ ఒక వీరుడి బొమ్మగా మిగిలిపోయేవారు. నిజం అంత సాఫీగా లేదు. ఆర్యసమాజులకు, సనాతనులకు మధ్య ఫిజీలో సాగిన వాదప్రతివాదాల్లో రెండు పక్షాలూ హద్దులు దాటాయి. ఆ వేడిలో అచ్చయిన రాతల వల్ల అసభ్య రచన కేసులో శిక్ష పడి, విష్ణుదేవ్ 1932 ఎన్నికల్లో పోటీకి అనర్హులయ్యారు. ఇది ఆయన జీవితంలో మచ్చే. ఒకే జాబితా కోసం నిలబడిన మనిషి మతాల వాదులాటలో మాట అదుపు తప్పడం నాకు బాధ కలిగించింది. ఆ ఎన్నికల్లో గెలిచిన కె.బి. సింగ్, మునిస్వామి మొదలియార్ కూడా మొదట ఉమ్మడి జాబితానే అడిగారు. అది ఓడాక వారూ రాజీనామా ఇచ్చారు. అయితే కొద్ది కాలంలోనే గాలి తిరిగింది. 1935 నాటికి ఎన్నికలే వద్దు, గవర్నరు నామినేట్ చేస్తే చాలునన్న తీర్మానం మండలిలో వచ్చింది, దాన్ని భారతీయ సభ్యులే సమర్థించారు. సభ బయట ఉన్న విష్ణుదేవ్ దానికి ఎదురు నిలిచారు. నా దృష్టిలో 1929 రాజీనామా కంటే ఇది కష్టమైన పని. ఎదుటివారు తెల్లవాళ్ళయితే జనం వెంట నడుస్తారు, తన వాళ్ళే లొంగిపోయినప్పుడు ఎవరు నడుస్తారు?

1937లో లండన్ కొత్త ఏర్పాటు తెచ్చింది. యూరోపియన్లకు, ఫిజియన్లకు, భారతీయులకు అయిదేసి స్థానాలు, భారతీయుల అయిదింటిలో మూడు ఎన్నికలతో, రెండు నామినేషన్‌తో. ఎన్నికలు మొత్తంగా పోలేదు, ఉమ్మడి జాబితా రాలేదు. విష్ణుదేవ్ ఆ వేరు జాబితా మీదనే పోటీ చేసి, గెలిచి, 1959లో విరమించే దాకా, అంటే 22 ఏళ్ళ పాటు, దక్షిణ నియోజకవర్గానికి ప్రతినిధిగా ఉన్నారు. తాను ఒకనాడు కాదని వదిలేసిన పద్ధతిలోనే తిరిగి లోపలికి వెళ్ళారని ఆయన్ను విమర్శించేవారున్నారు. ఆ విమర్శ పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. కానీ బడులు, భూమి కౌళ్ళు, చెరకు ధర, ఉద్యోగాల్లో వివక్ష వంటి విషయాల్లో రోజూ అడగవలసినవి ఉన్నప్పుడు, బయట నిలబడి ఉండే హక్కు తనకు ఉందా అని ఒక ప్రతినిధి ఆలోచించుకోవడం కూడా న్యాయమే. ఒకసారి వదిలేయడం, తరువాత తిరిగి వెళ్ళి రెండు దశాబ్దాలు ఓపికగా పనిచేయడం, రెండూ ఒకే మనిషిలో ఉండడమే ఆయన్ను చదవదగిన మనిషిని చేసింది.

1946 జులైలో ఆ మండలిలో జరిగిన ఒక చర్చ గురించి ఇక్కడ చెప్పక తప్పదు. 1874లో ఫిజీ పెద్దలు దీవులను బ్రిటిష్ రాణికి అప్పగించిన పత్రాన్ని గుర్తుచేస్తూ, ఫిజీని ఫిజియన్ల దేశంగానే కాపాడాలని ఒక యూరోపియన్ సభ్యుడు తీర్మానం తెచ్చాడు. ఆ ఏడాది జనాభా లెక్కల్లో భారతీయులు 1,20,414 మంది కాగా ఫిజియన్లు 1,18,070 మంది. సంఖ్యల్లో వచ్చిన ఈ మార్పే ఆ తీర్మానానికి కారణమని వేరే చెప్పనక్కర్లేదు. అప్పటికి సభలో ఉన్న న్యాయవాది ఎ.డి. పటేల్, భారతీయ కూలీలు రావడం వల్లనే ఫిజియన్ల భూమి, వారి జీవన విధానం తోటల యజమానుల పాలు కాకుండా నిలిచాయని గట్టిగా వాదించారు. ఆ వాదన నిజమే. అయినా ఫిజియన్ల భయమూ ఉత్తది కాదు. వారికి కూడా ఆ మండలికి ఓటు వేసే హక్కు 1963 దాకా రాలేదన్న సంగతి మరవకూడదు. ఉమ్మడి జాబితా అడిగిన భారతీయ నాయకులు ఆ భయాన్ని ఫిజియన్ల భాషలో, వారి ఊళ్ళకు వెళ్ళి తీర్చే పని తగినంత చేయలేదని నా అభిప్రాయం. తెల్ల పాలకులు ఆ సందును బాగా వాడుకున్నారు.

ఆ లోటు ఫలితం తరువాతి తరాలు అనుభవించాయి. విష్ణుదేవ్ 1968 మే 7న కన్నుమూశారు. 1970 అక్టోబరు 10న ఫిజీ స్వతంత్రమైనప్పుడు కూడా జాతుల వారీ జాబితాలు పోలేదు. 1987లో, తొలి ఓడ వచ్చిన తేదీనే, మే 14న, భారతీయుల మద్దతుతో గెలిచిన ప్రభుత్వాన్ని సైన్యం కూలదోసింది. వేల కుటుంబాలు ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు, కెనడాకు వెళ్ళిపోయాయి. ఒకప్పుడు సగం దాకా ఉన్న భారతీయులు 2007 లెక్కల్లో 37.5 శాతానికి దిగారు. చివరికి 2014 సెప్టెంబరులో ఫిజీ ప్రజలందరూ తొలిసారి ఒకే ఓటర్ల జాబితా కింద ఓటు వేశారు. విష్ణుదేవ్ తీర్మానం ఓడిన రోజుకూ ఆ పోలింగ్ రోజుకూ మధ్య దాదాపు 85 ఏళ్ళున్నాయి. ఆ ఏర్పాటును తెచ్చింది కూడా మరో సైనిక తిరుగుబాటుతో వచ్చిన ప్రభుత్వమే కనుక, ఆయన కోరిన దారిలో అది వచ్చిందని నేను అనను. కోరిన వస్తువు మాత్రం అదే.

తెలుగువారికి దీనితో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. ఆ మూడు సీట్ల వెనుక ఉన్న అరవై వేల మందిలో విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వెళ్ళినవారున్నారు. ఉత్తరాది వారు ఎక్కువగా ఉన్నచోట మద్రాసీలనిపించుకుంటూ, తమ భాషలు బడిలో నిలబెట్టుకోవడానికి 1926లో తక్కిన దక్షిణ భారతీయులతో కలిసి సంగం అనే సంఘం పెట్టుకున్నవారున్నారు. 1941లో వేరుగా ఆంధ్ర సంగం పెట్టుకున్నవారూ ఉన్నారు. మన నగరం 1975లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపింది, 2017లో మళ్ళీ జరిపింది. 1990లో మారిషస్ ఆ సభలకు ఆతిథ్యమిచ్చింది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రవాస భారతీయుల మీద పరిశోధనకే ఒక కేంద్రం ఉంది. ఇంత సామగ్రి దగ్గర పెట్టుకుని కూడా, పదవ తరగతి విద్యార్థికి గిర్మిట్ అన్న మాట తెలియని స్థితిలో ఉన్నాం.

కనుక మీకు నా విన్నపం. విదేశాల్లో మన సంతతి వారు గెలిచినప్పుడు రాసే కథనం పక్కనే, ఫిజీ, మారిషస్, ట్రినిడాడ్ వంటి దీవుల వలస పాలన మండళ్ళలో కూర్చున్న తొలి తరం వారి గురించి, వారి తప్పులతో సహా, ఆదివారం అనుబంధంలో వరసగా రాయించండి. అక్కడి పరిశోధకులను, ఇక్కడి చరిత్ర అధ్యాపకులను ఇద్దరినీ అడిగితే రాసేవారికి కొదవ ఉండదు. రెండోది ఇంకా చిన్న పని. వలస పాసుల కాపీలు పట్టుకుని ఊళ్ళు వెతుక్కునే కుటుంబాల కోసం వారానికి ఒక చిన్న గడి కేటాయించి, పాసు మీద ఉన్న ఊరి పేరు, తాలూకా పేరు యథాతథంగా అచ్చువేస్తే, ఆ ప్రాంతపు పాఠకులు చూసి గుర్తుపట్టే అవకాశం ఉంది. ఇంగ్లీషు గుమాస్తా చెవికి అందని ఊరి పేరు ఆ ఊరివాడి చెవికి అందుతుంది.

నాడు గ్రంథాలయానికి వచ్చిన ఆ దంపతులు ఇచ్చి వెళ్ళిన జిరాక్సు కాపీ నా దగ్గర భద్రంగా ఉంది. వారి అనుమతి కూడా ఉంది. మీరు ఆ గడి మొదలుపెట్టదలిస్తే మొదటి వారానికి దాన్ని మీ కార్యాలయానికి తెచ్చి ఇస్తాను.

ఇట్లు
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
చిక్కడపల్లి, హైదరాబాదు